చౌడమ్మ కుడికాలు

ఓబిలేష్ చేసిన చెప్పుల్ని చూసి అవి వైద్య పరికరం అని ఎవరూ అనుకోరు. ధర్మవరం బస్టాండు దగ్గర తోపుడుబండి మీద అమ్మే నల్లచెప్పుల్లాగే ఉండేవి. అట్టలోపల మాత్రం ఒత్తిడిని కొలిచే పలచటి బిళ్ళలు, మడమ కింద చిన్న బ్యాటరీ, పట్టీ మీద కందిగింజంత దీపం ఉండేవి. పాదంలో ఒకేచోట భారం ఎక్కువసేపు పడితే దీపం ఎర్రగా మారేది. లేకపోతే ఆకుపచ్చగా వెలుగుతూ ఉండేది. షుగరు ముదిరి అరికాళ్ళలో స్పర్శ పోయినవాళ్ళకు ముల్లు దిగినా తెలియదు, పుండు పడినా తెలియదు. తెలిసే వేళకు డాక్టరు కాలు తీసేయాలంటాడు. ఆ అవస్థ రాకముందే చెప్పులు హెచ్చరించాలని వాళ్ళ ఆలోచన.

వాళ్ళంటే ఇద్దరు. ఓబిలేష్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. సుష్మిత ఎంబీబీఎస్ ఆఖరి సంవత్సరం, అనంతపురం పాతూరులో కిరాణా అంగడి నడిపే శెట్టిగారి అమ్మాయి. రెండు కాలేజీల పిల్లలు కలిసి కొత్త పరికరాలు తయారు చేయాలని పెద్దలు ఒప్పందం రాసుకున్న ఏడాది అది. మొదటి సమావేశంలో ఇంజనీరింగు పిల్లలు ఒక వైపు, డాక్టరు పిల్లలు ఒక వైపు, పెళ్ళిచూపులకు వచ్చిన రెండు పక్షాల్లాగా బిగుసుకుని కూర్చున్నారు. చివరికి సుష్మితే లేచింది. "మా సర్జరీ వార్డులో వారం వారం షుగరోళ్ళ కాళ్ళు తీసేస్తాండారు. నేసేవాళ్ళు, సేద్యం చేసేవాళ్ళు. దీనికి ఎవురన్నా ఏమన్నా చేస్తారా?" అని అడిగి కూర్చుంది. చెయ్యి ఎత్తినవాడు ఓబిలేష్ ఒక్కడే.

ఎత్తడానికి కారణం వాళ్ళమ్మ. చౌడమ్మ పట్టుచీరలు నేస్తుంది. ఆమెదొక గుంతమగ్గం, మొగుడు హనుమంతప్పదొకటి, ఒకే గదిలో ఎదురెదురుగా ఉంటాయి. గుంత అంచున కూర్చుని, కాళ్ళు గుంతలోకి వేలాడదీసి, కింద చెక్కను తొక్కుతూ నేయాలి. ఆమెకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. ఈమధ్యన అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. రోజూ పాదాలు చూసుకోమని డాక్టరు చెప్పాడు గానీ, ఆమెకు వంగి చూసుకోవడం కష్టం. అందుకని సాయంత్రం దీపం పెట్టే వేళ హనుమంతప్ప ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళు తడిమి చూసేవాడు. మొగుడు తన కాళ్ళు పట్టుకోవడమేమిటి, పాపం కదా అని మొదట్లో ఆమె ముడుచుకునేది. "నీ కాలు ఆడితేనే ఈ ఇల్లు ఆడేది. గమ్మునుండు" అన్నాడాయన. ఆ తర్వాత ఆమె కాళ్ళు ముడుచుకోలేదు.

చెప్పులు తయారయ్యాక పరీక్షించడానికి మనుషులు కావలసి వచ్చారు. కాలేజీలో వీళ్ళకు దారి చూపే బదరీనారాయణ సార్ ఆసుపత్రి నుంచి అనుమతులు సంపాదించాడు. మనుషుల్ని ఓబిలేష్ తెచ్చాడు. ధర్మవరంలో తన వీధివాళ్ళే, అందరూ మగ్గం మీద బతికేవాళ్ళే, అందరికీ షుగరే. మొదటి జత అమ్మకు తొడిగాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు చౌడమ్మ వాటిని వీధంతా తిప్పి చూపించింది. "మావాడు చేసినాడు. కాలికి ఏమన్నా అయితే ఈ లైటు ఎర్రగైతాది. పచ్చగుంటే ఏం భయం ల్యాదు" అని కనిపించిన ప్రతి ఆడమనిషికీ పాఠం చెప్పింది. ఎదురింటి అక్కమ్మ తనకూ ఒక జత కావాలని పట్టుబట్టి మరీ తీసుకుంది.

చెప్పుల నుంచి లెక్కలు ఫోనుకు, ఫోను నుంచి కాలేజీ కంప్యూటరుకు వచ్చేవి. వచ్చిన లెక్కలు చూసి అందరికీ సంతోషం. పాదాల మీద ఒత్తిడి ఎవరికీ పెద్దగా లేదు, రోజులో ఎక్కువ భాగం దాదాపు సున్నా. అట్టలో వేసిన మెత్త బాగా పని చేస్తోందని బదరీనారాయణ సార్ మెచ్చుకున్నాడు. సుష్మితకే కొంచెం అనుమానం వచ్చింది.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలి మీద ఒత్తిడే ల్యాదు. మనిషన్నాక ఇంతసేపు ఎట్ల?" అని అడిగింది.

ఓబిలేష్ నవ్వాడు. ధర్మవరం సంగతి ధర్మవరం వాడికి చెప్పాలా అనే నవ్వు అది. "మగ్గం మీద కూర్చోనే గదా నేసేది. కూర్చున్నోళ్ళ కాళ్ళ మీద బరువేముంటాది? అది విశ్రాంతి కింద లెక్క. విశ్రాంతిగా ఉంటే పచ్చ లైటు ఎలగల్లని ప్రోగ్రాములో నేనే రాసినా" అన్నాడు.

సుష్మిత మళ్ళీ అడగలేదు. ఆమె పుట్టి పెరిగింది అంగట్లో, మగ్గం చూసింది బొమ్మల్లో. అతను మగ్గం పక్కన పాకినవాడు. అతని మాట కాదంటే ఎవరి మాట నమ్మాలి?

పెద్ద పరీక్ష దగ్గరపడింది, వచ్చే బుధవారమే. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చి చూసి సరేనంటే, కదిరి వైపు పల్లెల్లో, గార్లదిన్నె మండలంలో షుగరు ఉన్న వందల మంది రైతులకు ఈ చెప్పులు ఇస్తారు. "మాటలతో కాదు, బొమ్మతో చూపించండి. మీ అమ్మగారు ఈ చెప్పులు వేసుకుని మగ్గం నేస్తున్న వీడియో ఒకటి తీసుకురా. చూసినవాళ్ళ మనసు కరగాలి" అన్నాడు బదరీనారాయణ సార్. ఆదివారం పొద్దున ఓబిలేష్ రైలెక్కాడు. కిటికీలోంచి వేడిగాలి, దాంతోపాటు దుమ్ము కొడుతోంది. వేరుశనగ వేయాల్సిన చేలన్నీ వాన కోసం ఎర్రగా బోసిగా పడి ఉన్నాయి. అతనికి మాత్రం ఆరోజు లోకమంతా బాగానే కనిపించింది.

ఇంటి వాకిట్లో అమ్మ చెప్పులు పక్కపక్కనే పొందికగా పెట్టి ఉన్నాయి. రెండింటి మీదా ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. బ్యాటరీ ఇంకా ఉందన్నమాట అని మురిసి, తన బూట్లు వాటి పక్కనే విడిచి లోపలికి వెళ్ళాడు. ఆలోచించే పని లేకుండానే విడిచాడు. పుట్టినప్పటి నుంచీ అలవాటు.

రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. తల్లి చీర అంచుకు జరీ పడుతోంది. కొడుకును చూసి ముఖం విప్పారింది గానీ చెయ్యి ఆపలేదు. ఓబిలేష్ ఫోను గూట్లో నిలబెట్టి, వెలుగు సరిచూసుకుని, "మా, ఒక్క నిముషం. ఆ చెప్పులేసుకోని కూర్చో. వీడియో తీయల్ల" అన్నాడు.

రెండు మగ్గాలూ ఒక్కసారే ఆగాయి.

"ఏమంటివిరా?" అన్నాడు హనుమంతప్ప. "మగ్గం కాడికి చెప్పులా? సదువు ఎక్కువై మతి గాని పోయిందా నీకు?"

చౌడమ్మ అంత కటువుగా అనలేదు. "ఎవురన్నా ఏసుకుంటారా నాయనా. పొద్దున్నే మగ్గానికి మొక్కి కూర్చుంటామే, ఆ తల్లి మీద చెప్పు కాలు పెడతారా. మర్సిపోతివా?" అంది.

మరిచిపోలేదు. అదే విచిత్రం. అది అతనికి ఎంత బాగా తెలుసంటే, తెలుసునన్న సంగతి కూడా గుర్తుకు రానంత బాగా తెలుసు. ఆ గదిలో చెప్పును ఏనాడూ చూడలేదు కాబట్టి, చెప్పు గురించి ఆలోచించినప్పుడు ఆ గదే తలపుకు రాలేదు. కంప్యూటరు తెర మీద సున్నాలు చూసి కాలు విశ్రాంతిగా ఉందనుకున్నాడు. అసలు చెప్పులో కాలే లేదని అతనికి తట్టలేదు.

"అంటే దినమంతా విప్పే ఉంటావా మా?" అన్నాడు.

"బయటికి పోతే ఏసుకుంటా. అంగడికి, నీళ్ళకి. అదిగూడా నువ్వు చేసినవని, అరిగిపోతాయని భద్రంగా పెట్టుకుంటాండా."

ఓబిలేష్ గుంత పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఆమె కుడికాలు పైకి తీశాడు. బొటనవేలి మొదట్లో, తొక్కుడు చెక్క అంచు రోజూ ఒరుసుకునే చోట, అరికాలు లోపలికి గుంట పడి ఉంది. చుట్టూ తోలు తెల్లగా నాని ఊడిపోయింది. వేలు నల్లబడుతోంది. గదిలోకి వచ్చినప్పుడే ఒక వాసన తగిలింది, నూలుకు పెట్టిన గంజి పులిసిందేమో అనుకున్నాడు.

"నొప్పి ల్యాదా మా?"

"నొప్పి యాడుంటాది. నాకు తెలీదు గదా." ఆమె తన కాలిని తనది కానట్టు చూసింది. ముఖంలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది. "లైటు పచ్చగానే ఉండాది గదప్పా. ఈడ కూర్చుంటే వాకిట్లో కనపడతానే ఉంటాది. దినామూ చూస్తానే ఉండా."

హనుమంతప్ప మగ్గం దిగి వచ్చాడు. కాలు చూసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నేను సాయంత్రం సాయంత్రం చూసేవాణ్ణి. నీ మిషను వచ్చినాక, ఇంక అదే చూస్తాది లే అని మానుకుంటిని" అన్నాడు. నింద వేసినట్టు అనలేదు. ఉన్నమాట అన్నాడు. ఓబిలేష్‌కు మాత్రం చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. చెప్పులు ఇవ్వకుండా ఉంటే ఆ పుండును నాయన మొదటిరోజే పట్టుకునేవాడు.

సుష్మితకు ఫొటో పంపి ఫోను చేశాడు. ఆమె రెండు మాటలే అడిగింది. జ్వరం ఉందా అని ఒకటి. ఉంది, ఒళ్ళు కాలుతోంది. "ఇప్పుడే తీసుకోని రా. మా సార్‌తో మాట్లాడి పెడతా" అని, ఆ వెంటనే రెండోది, "మిగిలినోళ్ళు?" అంది.

నాయన ఆటో కోసం పోయిన కొద్దిసేపట్లో ఓబిలేష్ వీధి వెంట నడిచాడు. ఇంతకుముందు ఎన్నోసార్లు నడిచిన వీధి. ప్రతి గడప బయటా తను చేసిన చెప్పులు, ప్రతి జత మీదా ఆకుపచ్చ దీపం, ప్రతి ఇంటి లోపలా మగ్గం చప్పుడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డ సామెత అతనికి గుర్తొచ్చింది. బల్లి అయితే తనొక్కతే పడింది. తను వీధి మొత్తాన్నీ తోశాడు. ఒక్కొక్క ఇంట్లోకీ వెళ్ళి, మగ్గం ఆపించి, కాళ్ళు చూశాడు. చాలామంది పాదాలు బాగానే ఉన్నాయి. అక్కమ్మ కాలికి మాత్రం అదే చోట పొక్కు లేచి ఎర్రగా ఉంది. చెప్పులు వెనక్కి తీసుకుంటుంటే ఆమెకు కోపం వచ్చింది. "ఇచ్చినట్ల ఇచ్చి గుంజుకుంటాండావే. నా కాలికేమైనాది, పచ్చగానే ఎలుగుతాంటే?" అని గడపలో నిలబడి తిట్టింది. ఆమెను కూడా అదే ఆటో ఎక్కించాడు.

అనంతపురం ఆసుపత్రిలో సుష్మిత వాకిట్లోనే నిలబడి ఉంది. పెద్ద డాక్టరు పుండులోకి సన్నటి ఉక్కు పుల్ల పెట్టి చూశాడు. అది ఎముకకు తగిలింది. బొటనవేలు ఎలాగూ ఉండదు, చీము పైకి పాకుతోంది, రెండు రోజులు మందులిచ్చి చూసి పాదం ముందుభాగం తీసేయాల్సి రావచ్చు అన్నాడు. అక్కమ్మది చిన్న పొక్కే, కట్టు కట్టి పంపించారు. మానిపోతుందన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. సుష్మితే మొదలుపెట్టింది.

"ఒక్కసారి, ఒకేఒక్కసారి నేను ధర్మవరం వచ్చి మీ ఇంట్లో కూర్చోని చూసింటే సరిపోయేది. నువ్వు ఉండావు గదా, నీకు తెలుసు గదా అనుకున్న్యా."

"నేను ఉండబట్టే ఇట్లయింది" అన్నాడు ఓబిలేష్. "ఎవురో తెలియనోడైతే అడుగుతుండె, మీరు చెప్పులు యాడ విప్పుతారని."

మరునాడు బదరీనారాయణ సార్ చీనీకాయల సంచి పట్టుకుని వార్డుకు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ చెప్పుల కోసం ఆఫీసుల చుట్టూ ఏడాదిపాటు తిరిగినవాడు, తన సెలవులు తగలేసుకున్నవాడు. మంచం పక్కన నిలబడి, ఎలా జరిగిందమ్మా అని మెల్లగా అడిగాడు.

చౌడమ్మ లేచి కూర్చోబోయింది. వరండాలో పిల్లలు మాట్లాడుకున్నదీ, డాక్టర్లు గొణుక్కున్నదీ ఆమె చెవిన పడుతూనే ఉంది. చదువు లేకపోయినా బుర్ర ఉన్న మనిషి. "చెప్పుల్లో దోసం ల్యాదు సార్" అంది. "మావాడు పదిమార్లు చెప్పినాడు, విప్పొద్దు మా, మగ్గం కాడ గూడా విప్పొద్దు అని. నేనే మొండిదాన్ని, ఇన్ల్యా. తప్పు నాదే."

ఓబిలేష్ నోరు తెరిచాడు. తను ఏనాడూ ఆ మాట చెప్పలేదు. చెప్పాలనే తోచలేదు. దుప్పటి కింద నుంచి తల్లి చెయ్యి వచ్చి అతని మణికట్టును గట్టిగా పట్టుకుంది. అతను నోరు మూసుకున్నాడు.

బదరీనారాయణ సార్ ముఖం తేటపడింది. వరండాలోకి వచ్చాక, "అంటే రోగి సూచనలు పాటించలేదు. పరికరం తప్పు కాదు. బుధవారం అదే చెబుదాం. ఎప్పుడూ విప్పరాదని ఇకమీద పెద్ద అక్షరాలతో రాసి ఇద్దాం" అన్నాడు.

"సార్, అది నిజం కాదు" అంది సుష్మిత.

"నిజమో కాదో ఆవిడే చెప్పింది కదమ్మా. ఒక్కటి ఆలోచించండి. ఇది ఇక్కడ ఆగిపోతే మళ్ళీ ఎవరూ మన ముఖం చూడరు. ఆగినందువల్ల ఎన్ని కాళ్ళు పోతాయో అదీ ఆలోచించండి." ఆయన గొంతులో మోసం లేదు, ఆందోళనే ఉంది. అందుకే ఆ మాట కొట్టిపారేయడం కష్టమైంది.

దాచడమెందుకు, ఆ నిముషాన ఓబిలేష్‌కు హాయిగానే అనిపించింది. తప్పు తన మెడ మీద నుంచి దిగిపోయింది, దింపింది కన్నతల్లి. ఎవరు కాదంటారు? ఆ హాయి చూసుకుని ఆ రాత్రంతా తనమీద తనకే అసహ్యం వేసింది.

మంగళవారం డాక్టరు ఖాయం చేశాడు. కుడిపాదం ముందుభాగం తీసేయాలి, లేకపోతే మోకాలిదాకా పోతుంది. హనుమంతప్ప చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చౌడమ్మ ఏడవలేదు. మగ్గం ఇక తొక్కలేవమ్మా అని, ఆమె అడగకుండానే డాక్టరు చెప్పినా, కంట నీరు తిరగలేదు. "కానీండి సార్" అని కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆమె ధైర్యానికి ఓబిలేష్ లోపల్లోపల చేతులెత్తి మొక్కాడు. లోపలికి తీసుకుపోయేటప్పుడు కూడా ఆమె కొడుకు వైపు తిరిగి, "రేప్పొద్దున నీ పని జూసుకో. నా కాడ మీ నాయన ఉంటాడు" అంది.

బుధవారం కాలేజీ సెమినార్ హాల్లో బెంగళూరు డాక్టర్లు, హైదరాబాదు డాక్టర్లు ముందు వరసలో కూర్చున్నారు. సుష్మిత పాదాల జబ్బు గురించి చెప్పింది. ఓబిలేష్ బిళ్ళల గురించి, బ్యాటరీ గురించి చెప్పాడు. తర్వాత బదరీనారాయణ సార్ తయారు చేయించిన చివరి భాగం తెర మీదికి వచ్చింది. పరీక్షలో ఒకరికి పుండు పడింది, కారణం: రోగి సూచనలు పాటించలేదు.

అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. వేళకు మాత్ర మింగడం ఏనాడూ తప్పని మనిషి, అన్నం మానేసి కొర్రగటక తిన్న మనిషి, దీపం పచ్చగా ఉంటే భయం లేదని కొడుకు చెప్పిన మాటను వేదవాక్కుగా నమ్మిన మనిషి. ఆ మనిషి పాటించలేదట.

బెంగళూరు డాక్టరమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. "ఎందుకు పాటించలేదు? అడిగారా?"

బదరీనారాయణ సార్ ఓబిలేష్ వైపు చూశాడు. సుష్మిత కూడా చూసింది. ఆమె తనంతట తాను చెప్పేది, కానీ అతని తల్లి గురించి అతనే చెప్పాలని ఆగిందని ఓబిలేష్‌కు అర్థమైంది.

"ఆమె మా అమ్మ మేడం" అన్నాడు. "ఆమె పాటించకపోవడం కాదు. మేమేమీ చెప్పలేదు. మగ్గం దగ్గరికి ఎవరూ చెప్పులతో వెళ్ళరు. అది నాకు తెలుసు, అయినా తోచలేదు. చెప్పులు రోజంతా గడప బయట ఉంటే, కాలు విశ్రాంతిగా ఉందని అనుకునేలా ప్రోగ్రాము నేనే రాశాను. దీపం చూసి మా అమ్మ ధైర్యంగా ఉంది. మా నాయన ఆమె కాళ్ళు చూడటం మానేశాడు. నిన్న పాదం సగం తీసేశారు."

అతను ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "విప్పవద్దని పెద్ద అక్షరాలతో రాసినా లాభం లేదు. మగ్గం దగ్గర విప్పుతారు. కదిరి వైపు రైతులు కళ్ళంలో దిగేముందు విప్పుతారు, ధాన్యం మీద చెప్పుకాలు పెట్టరు. గట్టు మీద చెప్పులు పచ్చగా వెలుగుతూ ఉంటాయి. వీటిని ఇప్పుడు ఇవ్వకండి."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. సుష్మిత లేచి వచ్చి అతని పక్కన నిలబడి, తను కూడా వెళ్ళి చూడలేదని, ఆ తప్పులో తనకూ సగం ఉందని చెప్పింది. బదరీనారాయణ సార్ తల దించుకున్నాడు. గంట తర్వాత తీర్పు చెప్పారు. చెప్పులు ఎవరికీ ఇవ్వకూడదు, ఈ పని ఇంతటితో నిలిపేయాలి, మొత్తం లెక్కలన్నీ అప్పగించాలి. మళ్ళీ మొదలుపెట్టే మాట ఎవరూ ఎత్తలేదు. బయటికి వస్తూ సార్ ఓబిలేష్ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

వార్డుకు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. హనుమంతప్ప కాఫీకి కిందికి వెళ్ళాడు. చౌడమ్మ మెలకువగానే ఉంది. దుప్పటి చివర కుడివైపు కట్టు కట్టిన కాలు పొట్టిగా కనిపిస్తోంది. అటు చూడకుండా ఓబిలేష్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమాయె నాయనా? పెద్దోళ్ళు ఒప్పుకున్న్యారా?" ఆమె గొంతు నీరసంగా ఉన్నా అందులో ఆరాటం ఉంది.

"ల్యాదు మా. ఆపేసినారు."

"ఎందుకు? సారు చెప్పల్యా, తప్పు నాదని?"

"చెప్పినాడు. నేను కాదన్న్యా. జరిగిందంతా చెప్పేస్తి."

ఆమె పైకప్పు వైపు చూపు తిప్పుకుంది. మందు మత్తేమో అనుకున్నాడు. అమ్మ అర్థం చేసుకుంటుందని, నిజం చెప్పినందుకు తల నిమురుతుందని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు.

"నా మాట అబద్ధమని చెప్తివా అంతమంది ముందర?"

"నీ తప్పు ల్యాదని చెప్పినా మా. నీకేం తెలుసు, నేను చెప్పకపోతే."

"నా తప్పు అంటే నాకేమయితాది రా? నన్ను ఎవురు అడుగుతారు? నాకేమన్నా ఉద్యోగం పోతాదా?" ఆమె తల తిప్పి అతని ముఖంలోకి చూసింది. "కాలు తీయల్లని డాక్టరు చెప్తే మీ నాయన ఏడ్సె. నేను ఏడ్సల్యా. ఎందుకో తెలుసునా? మగ్గం పోతే పాయె, కాలు పోతే పాయె, బిడ్డ చేసిన పని నిలబడతాది గదా అనుకుంటి. దానికోసరం ఇచ్చినా అనుకుంటి. ఇప్పుడు రెండూ పాయె గదరా."

కళ్ళం గురించి, గట్టు మీద చెప్పుల గురించి, అక్కమ్మ కాలు మానిపోతుందన్న దాని గురించి చెప్పాలని అతను ముందుకు వంగాడు. చౌడమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆపరేషన్ గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా ఏడవని మనిషి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్వసాగింది.